ఎవరికి భయపడుతున్నారో ముందు అడగండి

మా వీధి చివరి ఇల్లు ఏడాదికి పైగా ఖాళీగా ఉండేది. అందులో ఉన్న ముసలావిడ పోయాక కిటికీలకు చెక్కలు కొట్టేశారు. రెండువేల పదిహేను చలికాలంలో ఒక రోజు పొద్దున దాని ముందు నగర కౌన్సిల్ వ్యాన్ ఆగింది. చెక్కలు ఊడదీశారు, లోపల రంగులు వేశారు, ఇల్లు వెచ్చగా ఉంచే కొత్త బాయిలర్ దించారు. సాయంత్రానికల్లా ఆ ఇంట్లోకి సిరియా వాళ్ళు వస్తున్నారని వీధంతా తెలిసిపోయింది. ఎవరు చెప్పారంటే మాత్రం ఎవరూ పేరు చెప్పలేకపోయారు.

అప్పట్లో టీవీ పెడితే అదే గోల. సిరియా చుట్టుపక్కల శరణార్థి శిబిరాల నుంచి వేలమందిని తీసుకొస్తామని ప్రభుత్వం చెప్పింది. ఏ ఊరికి ఎంతమందిని పంపుతారో, వాళ్ళని ఎలా ఎంచుతారో తెలియదు. తెలియకపోవడం వల్ల మా వీధిలో ఒక్కొక్కరు ఒక్కో కథ అల్లుకున్నారు. ఎదురింటి రిటైరైన బస్సు డ్రైవరు నన్ను ఆపి, "నువ్వు పద్ధతిగా ఉద్యోగానికి వచ్చావు, నీ సంగతి వేరు" అన్నాడు. తల ఊపి ఇంట్లోకి వచ్చాను. నేను లేనప్పుడు మా గురించి ఏమంటాడో అని ఆ పూటంతా అనిపిస్తూనే ఉంది.

మాది ఒంగోలు దగ్గర. ఇంగ్లండులోని లీడ్స్‌కి ఎమ్మెస్సీ చదవడానికి వచ్చి, బ్యాంకు సాఫ్ట్‌వేర్ రాసే ఉద్యోగం దొరికి, ఇక్కడే ఉండిపోయాను. పెళ్ళయింది, పాప పుట్టింది. అప్పటికి మాకింకా పౌరసత్వం రాలేదు. వీసాలు, పౌరసత్వాలు చూసే హోం ఆఫీసు ముద్ర ఉన్న ఏ కవరు వచ్చినా నా భార్య విప్పేది కాదు, నేను వచ్చేదాకా వంటింటి గట్టు మీద అలాగే ఉంచేది. సిరియా వాళ్ళ కబురు విన్నప్పుడు ఆమె అన్నది ఒకటే మాట: "ఎవరొస్తే మనకేంటండీ. మీరు మాత్రం ఏ మీటింగులోనూ నోరు తెరవకండి."

మా వీధి మూల మీద తిండి పొట్లం కట్టిచ్చే టేకవే దుకాణం ఒకటి ఉంది. బోర్డు మీద చైనీస్ అని, దాని కింద ఫిష్ అండ్ చిప్స్ అని ఉంటుంది. నడిపేది చైనా వాళ్ళు కాదు, వియత్నాం నుంచి వచ్చిన భార్యాభర్తలు. తమ దేశం తిండి పేరు పెడితే ఎవరూ కొనరని మొదట్లో ఎవరో చెప్పారట, అదే అలా ఉండిపోయింది. ఇద్దరికీ అరవై దాటాయి. మా ఇంట్లో వాళ్ళని అంకుల్, ఆంటీ అనేవాళ్ళం. అంకుల్ లోపల నూనె కాచేవాడు, ఆంటీ కౌంటర్లో నిలబడి ఉప్పూ వెనిగరూ చల్లి పొట్లం కట్టేది. ఆయన ఇంగ్లీషులో స్కాట్లాండ్ యాస ఉండేది. ఎందుకని అడిగితే, మొదట అక్కడ దించారు అని మాత్రం చెప్పేవాడు. శుక్రవారం సాయంత్రాలు మా పాప చిప్స్ కోసం మారాం చేసేది. అంకుల్ నా పొట్లంలో మాత్రం అడక్కుండానే తాను నూరుకున్న మిరపకారం చిన్న డబ్బాలో పెట్టేవాడు.

చర్చి హాల్లో కౌన్సిల్ వాళ్ళు మీటింగు పెట్టారు. నా భార్య వద్దన్నా వెళ్ళాను, నోరు తెరవనని మాటిచ్చి. హాలు నిండిపోయింది. కౌన్సిల్ నుంచి ఒక నడివయసు ఆఫీసరమ్మ వచ్చింది. చిరునవ్వు చెరగకుండా మాట్లాడింది. రాబోయేది ఒకే కుటుంబమని, పిల్లలు చిన్నవాళ్ళని, వీధికి భారం కాకూడదనే ఒక్కొక్క చోటికి ఒక్కొక్క కుటుంబాన్ని పంపుతున్నామని చెప్పింది. తర్వాత మొదటి వరసలో ఉన్న అంకుల్‌ని చూపించి, ఈయన కూడా ఒకప్పుడు శరణార్థిగా వచ్చినవాడే, ఇవాళ మీ అందరికీ కావలసినవాడు, రెండు మాటలు చెబుతాడు అంది. ఆయన ఏం చెప్పాలో ఆమే ముందుగా అనుకుని వచ్చినట్టు నాకు అనిపించింది.

అంకుల్ లేచి నిలబడ్డాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు. దుకాణంలో తప్ప బయట ఆయన్ని చూడటం నాకదే మొదలు.

"ఇలా ఒక్క కుటుంబాన్ని తీసుకురావద్దు" అన్నాడు.

 ఆఫీసరమ్మ ముఖంలో నవ్వు అలాగే ఉంది కానీ కళ్ళు మారాయి.

"మమ్మల్నీ ఇలాగే విడదీసి పంపారు. ఊరికి రెండు మూడు కుటుంబాలు. అలా పంపితే తొందరగా కలిసిపోతామని అనుకున్నారు. ఎవరి పక్కన ఎవరుండాలో మీవాళ్ళే ఎంచారు. ఈసారి ముందు వచ్చేవాళ్ళని అడగండి. వాళ్ళు ఎవరికి భయపడుతున్నారో వాళ్ళనే అడగండి."

ఇంకా ఏదో చెప్పబోయాడు కానీ వెనక వరసల్లో చప్పట్లు మొదలయ్యాయి. వద్దు అన్న మాట ఒక్కటే వాళ్ళకి వినిపించింది. బస్సు డ్రైవరు ముందుకొచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. అంకుల్ చెయ్యి వెనక్కి లాక్కోబోతే వదల్లేదు. ఆఫీసరమ్మ తన పక్కనున్నతనితో ఏదో అంది. వద్దనేవాళ్ళు ఈయన్ని ముందే తమ వైపు తిప్పుకున్నట్టున్నారు అన్నట్టు నా చెవిన పడింది.

నాకూ నమ్మకం కుదరలేదు. ఇంటికొచ్చి చెబితే నా భార్య, "తను లోపలికొచ్చాక తలుపేసుకునే రకం అన్నమాట" అంది.  వారమంతా ఆ మాట మనసులో మెదులుతూనే ఉంది. ఆ శుక్రవారం పాపని తీసుకెళ్ళకుండా ఒక్కణ్ణే దుకాణానికి వెళ్ళాను. బేరాలు పలచగా ఉన్నాయి. సిరియా వాళ్ళ తరఫున ఉన్నవాళ్ళు అలిగి రావడం మానేశారు. చప్పట్లు కొట్టినవాళ్ళు ఎటూ సూపర్ మార్కెట్ తిండే తినేవాళ్ళు. ఆంటీ ఏదో పని మీద మేడ మీదికి వెళ్ళినప్పుడు, ఆ రోజు అలా ఎందుకన్నారని అంకుల్‌ని అడిగాను.

ఆయన గంటె పక్కన పెట్టి, మెట్ల వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పాడు.

వాళ్ళిద్దరూ దక్షిణ వియత్నాం వాళ్ళు. యుద్ధంలో ఉత్తరాది వాళ్ళు గెలిచి అక్కడి ప్రభుత్వం మారాక ఆయన్ని కొన్నాళ్ళు నిర్బంధంలో ఉంచారు. విడుదలయ్యాక దేశం వదిలి భార్యతో పడవెక్కాడు. నడిసముద్రంలో ఒక బ్రిటిష్ సరుకుల ఓడ వాళ్ళని ఎక్కించుకుంది. కొన్ని నెలలు ఇంగ్లండులో ఒక పాత మిలిటరీ క్యాంపులో ఉంచి, తర్వాత గ్లాస్గో అవతల సముద్రం పక్క చిన్న ఊళ్ళో ఇల్లిచ్చారు. అదే వరసలో నాలుగు గుమ్మాల అవతల రెండో కుటుంబం. వాళ్ళు ఉత్తరాది వాళ్ళు, హాంకాంగ్ మీదుగా వచ్చారు. ఇద్దరూ వియత్నాం వాళ్ళే కదా, ఒకరికొకరు తోడుంటారని శరణార్థుల సంగతి చూసే ఆఫీసువాళ్ళు అనుకున్నారు. అంకుల్‌ని నిర్బంధించినవాళ్ళు ఏ యాసలో మాట్లాడేవాళ్ళో ఆ పొరుగాయనదీ అదే యాస.

పొరుగాయనకి ఇంగ్లీషు వచ్చు. అందుకని రెండు కుటుంబాలకీ ఇంటర్‌ప్రెటర్ ఆయనే. డాక్టరు దగ్గరికి వెళ్ళినా, ఇంటి సంగతులు అడగడానికి ఆఫీసువాళ్ళు వచ్చినా ఆయనే రావాలి. ఆయన వాళ్ళతో చాలాసేపు మాట్లాడి, వీళ్ళకి ఒక్క ముక్క చెప్పేవాడట. మిగతాదంతా ఏమిటి? తమ గురించి ఏం చెబుతున్నాడు? ఆంటీకి నిద్ర పట్టేది కాదు. వియత్నాంలో మిగిలిపోయిన తమ్ముళ్ళకి ఏమైనా అవుతుందేమోనని భయం. ఆ పొరుగాయన వచ్చినప్పుడు గోడ మీదున్న ఫోటోలు కూడా తీసి దాచేసేది.

రెండో చలికాలం నాటికి ఆంటీకి నెలలు నిండుతున్నాయి. కడుపులో బిడ్డ కదలడం లేదని ఆమెకి అనుమానం వచ్చింది. ఆస్పత్రికి వెళ్ళారు. ఇంటర్‌ప్రెటర్‌గా పొరుగాయన్నే పిలిపించారు. ఆమె ఆయన్ని గదిలోకి రానివ్వలేదు. నర్సుకి చేతులతో సైగలు చేసి చెప్పుకుంది. నర్సు మామూలు నొప్పులే అనుకుంది, మాత్రలిచ్చి పంపేసింది. రెండు రోజుల తర్వాత బిడ్డ చనిపోయి పుట్టింది. ఆడపిల్ల. తర్వాత ఇంకో ఇద్దరు పుట్టారు, ఇప్పుడు లండన్‌లో ఉన్నారు. ఆ ఊళ్ళో మాత్రం ఇక ఉండలేక, ఆఫీసువాళ్ళు కదలొద్దంటున్నా వినకుండా లీడ్స్ వచ్చేశారు. వాళ్ళలా విడదీసి పంపినవాళ్ళలో చాలామంది కొన్నేళ్ళకే ఎవరికివారు పెద్ద ఊళ్ళకి తరలిపోయారట.

మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించి అంకుల్ ఆపేశాడు.

నాకు మా అత్తగారు గుర్తొచ్చారు. అంతకు ముందు వేసవిలో మా దగ్గరికి వచ్చినప్పుడు ఆవిడకి ఒంట్లో బాగాలేకపోతే జీపీ అనే ఇక్కడి వీధి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. మేము పక్కన ఉండగానే క్లినిక్ వాళ్ళు ఫోన్లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని కలిపారు. ఆయనది తెలంగాణ. "ఎప్పట్నుంచి నొస్తుందమ్మా" అని ఎంతో మర్యాదగా అడిగాడు. అప్పటికి రాష్ట్రం విడిపోయి ఏడాదైంది. ఇక్కడి మా తెలుగు సంఘం కూడా రెండైంది. ఆవిడ బయటికొచ్చి, "ఏం చెప్పానో ఏం చెప్పాడో, మనవాళ్ళు ఎవరూ లేరా" అన్నారు. అప్పుడు మేం నవ్వుకున్నాం.

క్రిస్మస్ వెళ్ళాక ఒకరోజు అంకుల్ నన్ను వెనక సందులోకి పిలిచాడు. ఆ పొరుగాయన ఇంకా బతికే ఉన్నాడట, అదే ఊళ్ళో. లండన్‌లో ఉన్న కూతురు వెతికి ఫోన్ నంబరు సంపాదించింది. ఒకసారి వెళ్ళి చూడాలి, నా కళ్ళు బాగాలేవు, నువ్వు కారులో తీసుకెళ్తావా అని అడిగాడు. 

"ఆంటీకి చెప్పకు" అన్నాడు.

అదే నాకు నచ్చలేదు. చెప్పకూడని పని ఏముంటుంది? ఇన్నేళ్ళ తర్వాత ఆయన అక్కడికి ఎందుకు వెళ్తున్నాడు, తగువు పడటానికా? నా భార్యయితే నేరుగానే అంది: "ఏదైనా గొడవైతే పోలీసులొస్తారు. మీ పేరు రాసుకుంటారు. మన పౌరసత్వం సంగతేంటి?" ఆమె అన్నదాంట్లో న్యాయముంది. అయినా అంకుల్‌ని కాదనలేకపోయాను. ఒక సోమవారం సెలవు పెట్టాను, ఆ రోజు దుకాణానికి సెలవు. మాంచెస్టర్‌లో టోకు కొట్టుకి వెళ్తున్నానని అంకుల్ ఇంట్లో చెప్పాడు.

 గ్లాస్గో దాటాక వాన పట్టుకుంది. ఆ ఊరు చేరేసరికి సముద్రం, ఆకాశం ఒకటే రంగులో ఉన్నాయి. ఒకే పోలికలో ఉన్న బూడిదరంగు ఇళ్ళ వరస. అంకుల్ ఒక తలుపు ముందు ఆగి, నాలుగు గుమ్మాల ఇవతల ఇంకో తలుపుని కాసేపు చూశాడు. తర్వాత బెల్లు కొట్టాడు.

తలుపు గొలుసు వేసి ఉండగానే కొంచెం తెరుచుకుంది. సందులోంచి ఒక ముసలి ముఖం కనిపించింది. వాళ్ళ భాషలో రెండు మూడు మాటలు నడిచాయి. తలుపు మూసుకుంది. ఇక తెరవడనుకున్నాను. గొలుసు తీసిన చప్పుడైంది.

లోపల ఆయనొక్కడే ఉంటున్నాడు. భార్య పోయింది. నాకు టీ, బిస్కెట్లు ఇచ్చి కిటికీ పక్క కుర్చీ చూపించాడు. నేనెవరినని అంకుల్‌ని అడిగినట్టున్నాడు, నా మెడ వైపే చూస్తూ. సెలవైనా అలవాటు కొద్దీ ఆఫీసు ఐడీ కార్డు మెడలో వేసుకుని వచ్చాను. దాన్ని విప్పి జేబులో వేసుకునేదాకా ఆయన సర్దుకుని కూర్చోలేదు.

వాళ్ళు చాలాసేపు మాట్లాడుకున్నారు. ఒక్క మాటా నాకు అర్థం కాలేదు. పోట్లాడుకుంటున్నారో, ఓదార్చుకుంటున్నారో కూడా తెలియలేదు. ఒకసారి అంకుల్ లేచి నిలబడ్డాడు, నేనూ లేచాను. ఆ ముసలాయన చెయ్యి ఎత్తి ఏదో అన్నాడు. అంకుల్ మళ్ళీ కూర్చున్నాడు. వచ్చేటప్పుడు ఇద్దరూ చేతులు కలుపుకోలేదు. గుమ్మం దాకా వచ్చి, మేం కారెక్కేదాకా ఆయన వానలోనే నిలబడ్డాడు.

స్కాట్లాండ్ సరిహద్దు దాటాక, హైవే పక్కనున్న సర్వీసుల్లో కాఫీకి ఆగాం. అప్పుడు చెప్పాడు అంకుల్.

"నువ్వు మా గురించి వాళ్ళకి చేరవేసేవాడివా అని అడిగాను. అవును అన్నాడు."

నేను కప్పు బల్ల మీద పెట్టేశాను.

"మా దేశం వాళ్ళకి కాదు. ఇక్కడి ఆఫీసువాళ్ళకి. క్యాంపులోంచి పంపేటప్పుడే చెప్పారట, ఆ రెండో కుటుంబాన్ని కనిపెట్టుకుని ఉండు, ఎలా ఉన్నారో మాకు చెబుతుండు అని. ఇల్లు వెచ్చగా ఉందా, తిండి తింటున్నారా, భాష నేర్చుకుంటున్నారా, అన్నీ చెప్పేవాడు. అది చెడ్డపని అని తనకి అనిపించలేదట. ఊరికి కృతజ్ఞత చూపించడం అనుకున్నాడట."

ఆస్పత్రి రోజు సంగతి కూడా అడిగాడట అంకుల్. గదిలోంచి పంపేశాక ఆ పొరుగాయన ఇంటికి పోలేదు. ఆఫీసుకి ఫోన్ చేసి, ఆవిడ నన్ను నమ్మడం లేదు, ఇంకొకరిని పంపండి, ఆడమనిషైతే మంచిది అని అడిగాడట. గ్లాస్గోలో ఒకామె ఉంది, వచ్చేవారం పంపుతాం అన్నారట.

"నమ్ముతున్నారా?" అని అడిగాను.

ఆయన కాఫీ కప్పు మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశాడు. "నమ్మాలనే ఉంది. కానీ ఇన్నేళ్ళు ఆలోచించుకుని తయారుచేసుకున్న జవాబు కూడా అలాగే ఉంటుంది కదా. అతనూ నన్ను అదే అడిగాడు తెలుసా? ఓడ మిమ్మల్నే ఎందుకు ఎక్కించుకుంది, మీ వెనక ఎవరున్నారు అని. నేను నిజమే చెప్పాను. అతను నమ్మాడో లేదో తెలియదు."

ఆ మాటలు ఆంటీకి చెబుతాడనుకున్నాను. చెప్పలేదు.

ఆ తర్వాత కౌన్సిల్ ఆఫీసరమ్మ దుకాణానికి రెండుసార్లు వచ్చింది. మొదటిసారి అంకుల్ ఏ పార్టీ మనిషో తేల్చుకోవడానికి వచ్చినట్టే మాట్లాడిందట. రెండోసారి మాత్రం ఆ రోజు హాల్లో ఆయన ఏం చెప్పబోయాడో అడిగి, కూర్చుని విన్నది. చివరికి సిరియా కుటుంబం మా వీధికి రాలేదు. ఊరికి ఇంకో పక్క, ఒకరికొకరు నడిచి వెళ్ళేంత దగ్గరలో మూడు కుటుంబాలకి ఇళ్ళిచ్చారు. అందులో ఒక కుటుంబం, శిబిరంలో మాతో ఉన్న ఫలానా వాళ్ళ పక్కన మాత్రం వద్దని చెబితే ఆ మాట విన్నారని ఆఫీసరమ్మ అంకుల్‌తో చెప్పింది. అది తన వల్లేనా అని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. మా వీధి చివరి ఇంట్లోకి ఒక నర్సుల జంట అద్దెకొచ్చింది. వాళ్ళు అసలు నర్సులేనా అని బస్సు డ్రైవరు కొన్నాళ్ళు ఆరా తీశాడు.

ఎండలు మొదలయ్యాక ఒక శుక్రవారం సాయంత్రం చిప్స్ కోసం వెళ్ళాను. అంకుల్ కంటి ఆస్పత్రికి వెళ్ళాడు, ఆంటీ ఒక్కతే ఉంది. దుకాణంలో ఇంకెవరూ లేరు. ఆమె ఉప్పు చల్లుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"చలికాలంలో ఒక సోమవారం ఆయన్ని ఎక్కడికి తీసుకెళ్ళావు?"

నేను తడబడ్డాను. మాంచెస్టర్ అనబోయాను.

"టోకు కొట్టుకి వెళ్ళినవాళ్ళు నూనె డబ్బా ఒక్కటైనా తేకుండా వస్తారా?" అంది. గొంతులో కోపం లేదు.

స్కాట్లాండ్ తీసుకెళ్ళానని చెప్పాను. ఎవరి దగ్గరికని ఆమె అడగలేదు. వెనిగర్ సీసా పట్టుకుని అలాగే నిలబడింది.

"ముసలివాడైపోయాడా?"

"అవును ఆంటీ. భార్య పోయిందట. ఒక్కరే ఉంటున్నారు."

ఆమె పొట్లం చుట్టింది. చుట్టి నాకు ఇవ్వలేదు. "అతను అక్కడివాళ్ళ మనిషి కాదని నాకు ఎప్పుడో తెలుసు" అంది. "బిడ్డ పోయిన వారంలోనే తెలుసు. కానీ అతను మంచివాడైతే, ఆ రోజు గదిలోంచి పంపేసిన నేనేమవుతాను? అందుకని అనుమానం వదల్లేదు."

 అంకుల్ దాచిన మాట చెప్పడం నా పని కాదు. అయినా చెప్పేశాను. ఆయన ఇంటికి వెళ్ళిపోలేదని, ఇంకొకరిని పంపమని, ఆడమనిషిని పంపమని ఆఫీసుకి ఫోన్ చేశాడని.

"మళ్ళీ చెప్పు" అంది. మళ్ళీ చెప్పాను.

"పంపారా?"

"వచ్చేవారం పంపుతామన్నారట."

ఆమె పొట్లం నా చేతికిచ్చింది. నూనె కింద మంట ఆపేసింది. ఏప్రాన్ విప్పి, మడిచి కౌంటర్ మీద పెట్టింది. నేను బయటికి రాగానే తలుపు మీద బోర్డు తిప్పి, లైట్లు ఆర్పేసింది. శుక్రవారం సాయంత్రం ఆ దుకాణం మూసి ఉండగా అంతవరకు నేను చూడలేదు. నా వెనకే వచ్చిన ఇద్దరు తలుపు లాగి చూసి వెళ్ళిపోయారు.

 నేను ఆంటీకి చెప్పడం అంకుల్‌కి నచ్చిందో లేదో ఇప్పటికీ తెలియదు. మిరపకారం డబ్బా మాత్రం కొన్ని వారాలు పొట్లంలో కనిపించలేదు.

ఆ ఆగస్టులో దుకాణం చాలా రోజులు మూసి ఉంది. కొడుకు లండన్ నుంచి వచ్చి ఇద్దర్నీ కారులో ఉత్తరానికి, స్కాట్లాండ్ వైపు తీసుకెళ్ళాడని నాకు తెలుసు. అక్కడ ఎవరు ఎవరితో ఏం మాట్లాడారో తెలియదు. వాళ్ళు చెప్పలేదు, నేను అడగలేదు. మా వీధిలో మాత్రం రకరకాలుగా అనుకున్నారు. వంటింట్లో ఎలుకలు దొరికితే కౌన్సిల్ వాళ్ళు మూయించారని కొందరు, దొంగతనంగా వచ్చిన పనివాళ్ళని పెట్టుకుంటే పట్టుకుపోయారని కొందరు. బస్సు డ్రైవరు మా గేటు దగ్గరికొచ్చి, నీకేమైనా తెలుసా, నువ్వు వాళ్ళతో బాగా తిరుగుతావుగా అని అడిగాడు. సెలవు మీద వెళ్ళి ఉంటారన్నాను. ఆయన నా ముఖంలోకి ఒక క్షణం చూసి, సరేలే అని వెళ్ళిపోయాడు.